శనివారం జీతం

లావెల్ పోయింది ఫిబ్రవరిలో ఒక మంగళవారం. విమానాశ్రయం దగ్గర పార్సెళ్లు సర్దే షెడ్డులో అతని ఉద్యోగం. డ్యూటీ దిగి, కారు తాళం తీస్తూ కూలిపోయాడు. ఆ వేళకి నేను నాలుగో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. ప్రిన్సిపల్ వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను చేతిలో మార్కర్‌కి మూత పెట్టి, బల్ల మీద ఉంచి, ఆమె వెంట వెళ్లాను.

అదే రోజు ఇంకొకటి కూడా ఆగిపోయింది. అది నాకు రెండు నెలల దాకా తెలియలేదు.

మేం అప్పటికి మూడో ఏడు పదమూడులో ఉన్నాం. దివాలా చట్టంలో పదమూడో అధ్యాయం అన్నమాట. మెంఫిస్‌లో ఎవరూ అంత వివరంగా చెప్పరు. ‘మా అన్న పదమూడులో ఉన్నాడు’ అంటే ఎదుటివాళ్లు తలూపి, పిల్లలెలా ఉన్నారని అడుగుతారు. ఇల్లు పోకుండా, పాత బాకీలు ఐదేళ్లలో కొంచెం కొంచెంగా తీర్చే ఏర్పాటు అది. ఆ డబ్బు మన చేతికే రాదు. కోర్టు ఉత్తర్వు ప్రకారం జీతంలోంచే కోసి, అప్పులవాళ్లకి పంచే ట్రస్టీకి పంపేస్తారు. మా ఇద్దరిలో లావెల్ జీతం ఎక్కువ కాబట్టి అతని జీతంలోంచే కోసేవాళ్లు. ఇంటి కిస్తీ కూడా అందులోంచే వెళ్లేది. కుళాయి తిప్పితే నీళ్లొచ్చినట్టు అది జరిగిపోయేది. చేత్తో కట్టవలసినది ఒకటుందన్న సంగతే మా ఇంట్లో మరిచిపోయాం.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, పిల్లల భోజనాల హాల్లో నేను కాపలా ఉన్నప్పుడు ఫోన్ వచ్చింది. మా లాయరు, స్టాన్‌బ్యాక్ అనే ఆవిడ.

“బ్లెడ్సో గారూ, ట్రస్టీ మీ కేసు కొట్టెయ్యమని కోర్టుని అడిగాడు. రెండు నెలలుగా పైసా రాలేదట. ఏమైంది?”

“రాకపోవడమేంటండీ, లావెల్ జీతంలోంచి పోతుందిగా.”

ఆ మాట నా నోట్లోంచి పూర్తిగా వచ్చాక నాకు అర్థమైంది. పక్కన ఒక పిల్ల పాల డబ్బా తెరవలేక నా చెయ్యి లాగుతోంది. తెరిచి ఇచ్చాను.

“లావెల్ గారు ఉద్యోగం మానేశారా?”

“కాదండీ” అన్నాను. ఆమెకి అర్థమైంది. గొంతు తగ్గించి అంది: “నాకెవరూ చెప్పలేదమ్మా.”

నిజమే. అంత్యక్రియలకి చర్చి సరిపోక జనం మెట్ల మీద నిలబడ్డారు. వీధి వీధంతా తెలుసు. పాల డబ్బా పిల్లకి కూడా తెలుసు. చెప్పవలసిన ఇద్దరికి మాత్రం చెప్పలేదు, ట్రస్టీకీ లాయరుకీ. ఆదాయం మారితే వెంటనే చెప్పాలని మొదటి రోజే సంతకం పెట్టించుకున్నారు. లావెల్ పోవడాన్ని ఆదాయం మారడం అంటారని నాకు తట్టలేదు.

స్టాన్‌బ్యాక్ అంతా విప్పి చెప్పింది. మే నెల మూడో గురువారం వాయిదా. కేసు కొట్టేస్తే అప్పులవాళ్లు మళ్లీ మీద పడతారు, ముందు పోయేది ఇల్లు. కిస్తీ తగ్గించమని అడగొచ్చు. బాకీలకి తగ్గిస్తారు గానీ ఇంటి భాగానికి తగ్గించరు. ఆ భాగం ఒక్కదానికే నా టీచరు జీతం చాలదు.

“ఇంకేదైనా రాబడి ఉందా? ఊరికే ఉందనడం కాదు. ప్రతి వారం వచ్చేది, చూపించగలిగేది.”

“లేదండీ.”

“వాయిదాలోపు చూడండి” అని ఫోన్ పెట్టేసింది.

ఆ సాయంత్రం మా మరిది థాడ్ వచ్చాడు. అన్న పోయినప్పటినుంచి రోజూ వస్తున్నాడు. పెరట్లో గడ్డి కోస్తానంటాడు, కోయడు. ఆ రోజు పెరట్లో లావెల్ పొగ పొయ్యి దగ్గర నిలబడ్డాడు. పాత నూనె ట్యాంకుని అడ్డంగా కోసి, మూతకి బందులు వేసి, చక్రాల బండి మీద కూర్చోబెట్టింది లావెలే. నెలకొక శనివారం దాన్ని చర్చి ఆవరణకి లాక్కెళ్లి పంది పక్కటెముకలు కాల్చేవాడు. వచ్చిన డబ్బంతా చర్చి బస్సు నిధికి. మా ఇంటికి వచ్చేది అతని చొక్కాల్లో పొగ వాసన ఒక్కటే.

“అమ్మేద్దామా వదినా? ఎవడైనా ఎగబడి కొంటాడు.”

“కాల్చడం వచ్చా నీకు?”

“నాకా? తినడం వచ్చు.”

నాకూ రాదు. మసాలా పొడి కలపడం మాత్రం వచ్చు, ఎందుకంటే అది కలిపేది నేనే. నిప్పు పని అంతా అతనిది. గడియారం చూసేవాడు కాదు, ఎవరికీ నేర్పేవాడు కాదు. ‘ఎప్పుడు తిప్పాలో ఎలా తెలుస్తుంది?’ అని అడిగితే ‘తెలుస్తుంది’ అనేవాడు.

అప్పుడు నాకు ఒకటి గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కుర్చీలో కూర్చోలేకపోయాను, లేచి నిలబడ్డాను.

ఆ శనివారాలన్నీ నేను పొయ్యి పక్కన మడత కుర్చీ వేసుకుని పిల్లల పేపర్లు దిద్దేదాన్ని. ఒక తరగతి పేపర్లు పూర్తయ్యేసరికి లావెల్ మూత తెరిచేవాడు. ప్రతిసారీ. ‘అయిపోయాయా టీచరమ్మా?’ అని నన్ను ఆటపట్టించేవాడు. మొదటి కట్టకి మాంసం మీద నీళ్లు చల్లేవాడు. రెండో కట్టకి తిప్పేవాడు. మూడో కట్ట సగంలో ఉండగా కాగితంలో చుట్టేవాడు. నేను దిద్దే వేగం పదిహేనేళ్లుగా మారలేదు. నిప్పు లెక్క నా ఎర్ర పెన్నులో ఉంది.

“థాడ్, హికరీ కట్టెలు తీసుకురా.”

“ఇప్పుడా?”

“శనివారానికి. ఓరా పెద్దమ్మతో నేను మాట్లాడతాను.”

ఓరా గిల్లియం మా చర్చిలో వచ్చినవాళ్లని కూర్చోబెట్టే ఆడవాళ్ల బృందానికి పెద్ద. ఆదివారం తెల్ల యూనిఫాం, తెల్ల చేతితొడుగులు వేసుకుని గుమ్మంలో నిలబడితే ఆలస్యంగా వచ్చిన మగవాళ్లు టోపీ చేత్తో పట్టుకుని గోడ పక్కగా నడుస్తారు. చర్చి వంటింటి తాళాలు, తిండి అమ్మే లైసెన్సు ఆమె దగ్గరే ఉంటాయి. నేను చెప్పినదంతా విని, “ఇన్నేళ్లు మీ ఆయన చేత ఊరికే చేయించుకుని తిన్నారు ఈ మూక” అంది. “ఇప్పుడు నీ చేతికి డబ్బిచ్చి తింటారు. తినకపోతే నేనే చూస్తా.”

ఆ శనివారం తెల్లవారకముందే నిప్పు వేశాం. థాడ్ కట్టెలు సర్దుతూ దగ్గుతున్నాడు. నేను కుర్చీ వేసుకుని, నాలుగో తరగతి భూగోళం పరీక్ష కట్ట ఒళ్లో పెట్టుకుని, మొదటి పేపరు తీశాను. టెనసీ రాజధాని మెంఫిస్ అని రాసిన పిల్లవాడికి ఇంటూ పెట్టాను. ఆ తర్వాత పెన్ను ఆగలేదు.

మొదటి కట్ట అయింది. మూత తెరిచాం. నీళ్లు చల్లాం. రెండో కట్ట. తిప్పాం. మాంసం అంచులు ముడుచుకుని, ఎముక చివర తెల్లగా బయటపడింది. లావెల్ కాల్చినప్పుడూ ఇలాగే ఉండేది. పొగ సరిగ్గా ఆ పాత రంగులో, పల్చగా నీలంగా, మేపుల్ చెట్ల మీదుగా వీధిలోకి పోతోంది. ఆ వాసన పోయి ఎవరిని లేపిందో గానీ, మూడో కట్ట సగంలో ఉండగానే ఆవరణ గేటు దగ్గర జనం.

“ఎవరు కాల్చేది?” అని గేటు అవతలనుంచి కేక.

“లావెల్ గారి భార్యట.”

“టీచరా? మార్కులేసి ఇస్తుందేమో!”

“నీకైతే సున్నా వేసి ఇస్తుందిలే, నువ్వు ఆమె దగ్గర నాలుగో తరగతి రెండుసార్లు చదివావుగా.”

నవ్వులు. వరసలో ముందున్న మంగలి పెర్విస్ లావెల్‌కి చిన్ననాటి స్నేహితుడు. నోరు మంచిది కాదు. ఒక ఎముక తీసి కొరికాడు. నమిలాడు. వరసంతా మాటలాపి అతని దవడలే చూస్తోంది. థాడ్ చేతిలో పట్టకారు కదలడం లేదు. పెర్విస్ ఎముకని శుభ్రంగా చీకి, తిప్పి చూసి, పళ్లెంలో పెట్టాడు.

“సాస్ కొంచెం తక్కువైంది” అన్నాడు.

నా ప్రాణం ఉసూరుమంది.

“వాడూ తక్కువే వేసేవాడు, వెధవ” అంటూ మొహం పక్కకి తిప్పుకున్నాడు. “ఇంకో రెండు పళ్లేలు కట్టు టీచరమ్మా. పక్కన స్పగెట్టి కూడా.”

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు వరసగా గుర్తులేదు. స్పగెట్టి అయిపోయింది. బ్రెడ్డు అయిపోతే థాడ్ పరిగెత్తి తెచ్చాడు. ఓరా పెద్దమ్మ చేతితొడుగులు విప్పి క్యాబేజీ తరిగింది. వరస మూల తిరిగి లాండ్రీ దాకా పోయింది. మధ్యాహ్నం దాటకముందే ఆఖరి ఎముక అమ్ముడైపోతే వెనకున్నవాళ్లు పోట్లాటకి దిగారు. వచ్చే వారానికి పేర్లు రాసుకోమన్నారు. నేను నవ్వుతున్నానని థాడ్ చెప్పేదాకా నాకు తెలియదు.

“వదినా, నవ్వుతున్నావ్.”

“పొగ కళ్లలో పడింది” అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

పళ్లేలు కడుగుతుండగా థాడ్ గొంతు తగ్గించాడు. “ఇది రొక్కం వదినా. ఎవడికీ తెలియదు. కోర్టులో ఈ మాట ఎత్తకు. పదమూడులో నువ్వు ఎంత చెబితే వాళ్లు అంత లాగేస్తారు.”

“చెప్పకపోతే ఇల్లు పోతుంది కదా. జీతం చాలదన్నారు.”

“ఇల్లు పోతే మా ఇంటికి రా. ఈ డబ్బైనా మిగులుతుంది.”

అతనిది ప్రేమే. ఓరా పెద్దమ్మ వంటింట్లోంచి వింది. బయటికొచ్చి, ఇంకా గోడ మీద కూర్చుని వేళ్లు నాకుతున్న జనం వైపు తిరిగి గట్టిగా అడిగింది: “ఎవరెవరు పదమూడులో ఉన్నారో చేతులెత్తండి!”

సగం చేతులు లేచాయి. చర్చి పెద్ద డీకన్ గారి చెయ్యి కూడా లేచింది. ఆయన భార్య ఆయన వైపు తిరిగి చూసింది.

“కొత్త రాబడి దాచినవాళ్లు?”

అన్ని చేతులూ దిగిపోయాయి. ఒక్కటి మాత్రం సగంలో ఆగింది. అది పెర్విస్‌ది.

“దాచాను” అన్నాడు. “ఆదివారాలు ఇంటి దగ్గర క్షవరాలు చేసేవాణ్ణి. ఎవరో చెప్పేశారు. కేసు పోయింది, కారు పోయింది. మా ఆవిడ కూడా పోయేదే, కారు లేక ఆగింది.”

గోడంతా నవ్వు. థాడ్ నవ్వలేదు.

సోమవారం స్టాన్‌బ్యాక్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆమె సంతోషించి, వెంటనే నీరసపడింది. “డబ్బాలో నోట్లు చూపిస్తే ట్రస్టీ వైపు లాయరు ఒప్పుకోడమ్మా. రెండు శనివారాలు అమ్మి మానేస్తారంటాడు. కోర్టు నమ్మేది ఒకటే, జీతం. ఎవరో ఒకరు జీతమిచ్చి, అందులోంచి కోసి పంపితే నమ్ముతారు.”

జీతం. ఎవరో ఒకరు. నేను ఫోన్ పెట్టకముందే ఆలోచన వచ్చింది. బడి వదిలాక ఇంటికి కూడా వెళ్లలేదు, నేరుగా ఓరా పెద్దమ్మ ఇంటికి వెళ్లి తలుపు కొట్టాను.

“పెద్దమ్మా, నన్ను పనిలో పెట్టుకోండి.”

“ఏం పనే?”

“శనివారం వంట. అమ్మకం చర్చిది, లాభం చర్చిది. నాకు జీతమివ్వండి. కోర్టు ఉత్తర్వు మీ పేరు మీద వస్తుంది. నా జీతంలోంచి కోసి మీరే ట్రస్టీకి పంపాలి.”

ఆమె కళ్లద్దాలు తీసి నన్ను చూసింది. “జడ్జి నాకు ఉత్తర్వు పంపుతుందా? నా పేరు మీద?”

“అవును.”

“దానికి పటం కట్టించి వంటింట్లో పెడతా” అంది. ఆ రాత్రే పాస్టరుకి ఫోన్ చేసింది. ఆయన ప్రార్థన చేసి చెబుతానన్నాడట. ‘తొందరగా చెయ్యండి’ అందట.

వాయిదా రోజు వచ్చింది. కోర్టు హాల్లో మా పేరు పిలిచేసరికి వెనక తలుపు తెరుచుకుంది. వెనక్కి తిరిగి చూసి స్టాన్‌బ్యాక్ పెన్ను జారవిడిచింది. ఓరా పెద్దమ్మ, ఆమె వెనక బృందమంతా, తెల్ల యూనిఫాంలలో, తెల్ల చేతితొడుగులతో, ఇద్దరిద్దరు చొప్పున నడిచి వచ్చి బల్లల మీద కూర్చున్నారు. కోర్టు బంట్రోతు తెలియకుండానే లేచి వాళ్లకి దారి చూపించాడు. థాడ్ టై కట్టుకుని చివర కూర్చున్నాడు.

జడ్జి పెద్దావిడ. కళ్లద్దాల మీదుగా చూసింది. “బ్లెడ్సో గారూ, మీ ఆదాయంలో వచ్చిన మార్పులేమిటో మీ నోటితో చెప్పండి.”

స్టాన్‌బ్యాక్ ముందే చెప్పింది, ఇది అడుగుతారని. సిద్ధపడి వెళ్లాను. అయినా లేచి నిలబడ్డాక, మొదటి మార్పు చెప్పడానికి నాకు మాట దొరకలేదు. మూడు నెలలుగా ఆ వాక్యం నేను ఎవరితోనూ అనలేదు. అందరూ నాతో అన్నారు. నేను తలూపాను.

“నా భర్త చనిపోయాడు” అన్నాను. “ఫిబ్రవరిలో. అతని జీతం ఆగిపోయింది.”

జడ్జి రాసుకుంది. “ఇంకా?”

“శనివారాలు చర్చి వంటింట్లో పని చేస్తున్నాను. జీతమిస్తున్నారు.”

ట్రస్టీ వైపు లాయరు లేచాడు. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. “నాలుగు శనివారాలేనండి. వానొస్తే? చలికాలం వస్తే? దీన్ని నికరమైన ఆదాయమనలేం.”

“జీతమిచ్చేవారెవరు?” అంది జడ్జి.

ఓరా పెద్దమ్మ లేచింది. వెనక బృందమంతా లేచింది. “మీరు కూర్చోండే” అని వాళ్లని కసిరి, జడ్జి వైపు తిరిగింది. “నేనే అమ్మా. గిల్లియం.”

“చలికాలంలో కూడా ఈవిడకి జీతమిస్తారా?”

“చలికాలంలో జనం ఇంకా ఎక్కువ తింటారమ్మా.”

హాలు ఘొల్లుమంది. లాయరు కూడా తలొంచుకుని నవ్వాడు.

“కోత ఉత్తర్వు వేస్తే పాటిస్తారా?”

“పటం కట్టిస్తా.”

జడ్జి పెదవులు బిగించుకుని మళ్లీ నన్ను చూసింది. “ఇంకేమైనా మార్పు ఉందా?”

‘లేదు’ అని ఉంటే అక్కడితో అయిపోయేది. స్టాన్‌బ్యాక్ నా మోచెయ్యి తాకింది. కానీ మొన్న శనివారం ఓరా పెద్దమ్మ జూన్‌నుంచి జీతం పెంచుతానంది. వేసవి బడికి కూడా నన్ను అడిగారు.

“ఉందండీ” అన్నాను. “జూన్‌నుంచి శనివారం జీతం పెరుగుతుంది. వేసవిలో ఆరు వారాలు బడి కూడా ఉంటుంది.”

వెనక థాడ్ రెండు చేతులతో మొహం కప్పుకోవడం కనబడింది. స్టాన్‌బ్యాక్ ఊపిరి గట్టిగా వదిలింది. జడ్జి ట్రస్టీ లాయరు వైపు తిరిగింది.

“మీరడిగిన నికరం ఇదేగా?”

అతను కాగితాలు తిరగేశాడు. లెక్క వేసుకున్నాడు. నేను అతని పెన్ను చివరనే చూస్తున్నాను.

“సరిపోతుందండి” అన్నాడు. “కేసు కొట్టేయమన్న కోరిక వెనక్కి తీసుకుంటున్నాం.”

కొత్త కిస్తీకి జడ్జి అనుమతించింది. బడినుంచి కొంత, చర్చినుంచి కొంత కోసి పంపాలంది. ఆదాయం మళ్లీ మారితే పది రోజుల్లో చెప్పమంది. తర్వాతి కేసు పేరు పిలిచారు.

బయట వరండాలో బృందం గ్లౌజుల చేతులతోనే చప్పట్లు కొట్టింది, మెత్తగా, పావురాలు లేచినట్టు. థాడ్ వచ్చి నన్ను ఎత్తి తిప్పాడు. “ఇల్లు నీదే వదినా! నోరు మూసుకోమంటే మూసుకోలేదు, ఇల్లు నిలబెట్టావ్!”

“దింపు. అందరూ చూస్తున్నారు.”

“చూడనీ! చూడండయ్యా!”

ఓరా పెద్దమ్మ చెయ్యి చూపి అతన్ని ఆపింది. “సంబరం తర్వాత. కట్టెలు తెచ్చావా? ఎల్లుండి శనివారం.”

ఉత్తర్వు వచ్చింది. ఓరా పెద్దమ్మ నిజంగానే పటం కట్టించి చర్చి వంటింట్లో, ఉప్పు డబ్బాల పైన తగిలించింది. జూన్‌లో పెర్విస్ కూడా వరసలో పేరు ముందే రాయించుకోవలసి వచ్చింది. సాస్ తక్కువైందని ఇప్పటికీ అంటాడు. జీతం పెరిగిన రోజే స్టాన్‌బ్యాక్‌కి ఫోన్ చేసి చెప్పాను. “పది రోజులు టైముందిగా బ్లెడ్సో గారూ” అంది, నవ్వుతూ.

మొన్న మూడో కట్ట దిద్దుతుండగా థాడ్ మూత తెరిచి, “అయిపోయాయా టీచరమ్మా?” అన్నాడు. అని, తనే బిత్తరపోయాడు. నేను పేపరు మీదనుంచి తలెత్తలేదు. “ఇంకా మూడున్నాయి” అన్నాను. అతను మూత మళ్లీ వేశాడు.

కిస్తీలు కట్టడం ఇంకా రెండేళ్ల పైన ఉంది. లావెల్ సమాధికి రాయి వేయించలేదు. దాని మీద ఏం రాయాలో తేల్చుకోలేదు.